భోం మోగని ఆదివారం

మొన్న చలికాలంలో ఖరగ్‌పూర్ వెళ్లి ఖరిదాలో మా తమ్ముడింట్లో కొన్నాళ్లున్నాను. వెళ్లిన మొదటి ఆదివారమే చర్చికి ఆలస్యమైంది. ఆ ఇంట్లో లేని వస్తువంటూ లేదు. బట్టలుతికే మిషనుంది, గదికో గోడగడియారం ఉంది, మనిషికో ఫోనుంది. అయినా బయల్దేరే వేళకి మరదలి చీర పిన్ను కనిపించలేదు, మనవడి బూటు ఒకటి మంచం కిందికి పోయింది, తమ్ముడు బండి తాళాల కోసం తలగడలన్నీ ఎత్తి చూశాడు. మేం వెళ్లేసరికి రెండో పాట చివరికొచ్చింది. ఆఖరి బెంచీలో ఒదిగి కూర్చున్నాం. మరదలు సిగ్గుపడుతూ నా చెవి దగ్గర, "ఏటనుకోకు వదినా, మిగతా రోజులన్నీ బాగానే ఉంటాది, ఆదివారం నాడే ఇలాగవుతాది" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ మాట, అదే గొంతుతో, అదే బెంచీ మీద, నేను పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మా అమ్మ నోట విన్నాను. ఆ ఆఖరి బెంచీ ఒకప్పుడు అచ్చంగా మా కుటుంబానిదే.

అప్పుడు మేం నిమ్‌పురా వైపు రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. ఒక గది, ఒక వరండా, వెనక వంటకి ఓ చిన్న చావిడి. అందులో నాన్న, అమ్మ, నాయనమ్మ, మేం అప్ప అని పిలిచే అక్క, నేను, తమ్ముడు. నాన్నది కార్ఖానాలో రేకుల పని. ఆయన బట్టలకి ఎంత ఉతికినా కిరసనాయిలూ, కాల్చిన ఇనుమూ కలిసిన వాసన ఉండేది, నాకదే నాన్న వాసన. తెల్లారితే లైనులోని ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి పొగ లేచి, పైన ఒకటే మబ్బుగా కలిసిపోయేది. ఆ పొగలో తన పొగ కూడా కలుపుతూ నాయనమ్మ వరండాలో కూర్చుని, నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేది. సంఘంలో ఎవరైనా చుట్ట మానమని చెబితే, "మారుమనసు నాకొచ్చింది గానీ నా సుట్టకి రాలేదు" అనేది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చి అన్నేళ్లయినా ఆవిడ మాటలో ఒక్క అక్షరం కూడా బెంగాల్ నీళ్లకి తడవలేదు.

మా ఇంట్లో గడియారం లేదు, దాని అవసరమూ లేదు. కార్ఖానా సైరన్ ఉండేది. బెంగాలీలు దాన్ని 'భోం' అంటారు, మేమూ అదే అనేవాళ్లం. మొదటి భోం మోగితే అమ్మ బిందె పట్టుకుని లైను చివర కుళాయికి వెళ్లేది. రెండోదానికి అన్నం వార్చడం, నాన్న క్యారియరు కట్టడం. ఆయన సైకిలు మలుపు తిరిగాక మూడోది మోగేది, దానికి నేనూ అప్పా జడలు వేయించుకునేవాళ్లం. మధ్యాహ్నం భోంకి నాయనమ్మ తినేది, సాయంత్రం భోంకి దీపం తుడిచేవాళ్లం. శనివారం ఒంటిపూట, ఆ ఒక్క రోజు భోం మధ్యాహ్నమే మోగి ఊరుకునేది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆ కూతకి మా కాళ్లూ చేతులూ వాటంతటవే కదిలేవి. వారంలో ఆరు రోజులు మమ్మల్ని చూసినవాళ్లెవరైనా, ఎంత క్రమమైన కుటుంబం అనుకునేవాళ్లు.

ఆదివారం భోం మోగదు. అంతే, దారం తెగిన పూసల్లాగా అందరం నాలుగు మూలలకీ దొర్లిపోయేవాళ్లం. ఎండ కిటికీలోంచి మొహం మీద పడితేగాని లేచేవాళ్లం కాదు. లైనులో అందరూ అప్పుడే లేస్తారు గనక కుళాయి దగ్గర తిరునాళ్లు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజుకునేవి కావు. నాన్న గడ్డానికి సబ్బు రాసుకుని, బ్లేడు కోసం ఆ నురగ మొహంతోనే ఇల్లంతా తిరిగేవారు. అప్ప రిబ్బను నాదనీ, నా రిబ్బను అప్పదనీ కొట్టుకునేవాళ్లం. తమ్ముడికి స్నానం చేయించి నిలబెడితే, మేం బయల్దేరేలోగా బొగ్గుల గుట్ట మీద కూర్చుని ఉండేవాడు. అమ్మ తడి జుట్టు ముడేసుకుని, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని, ఒక చేత్తో తమ్ముణ్ణి ఈడ్చుకుంటూ పరుగులాంటి నడకతో మందిరం చేరేసరికి మొదటి పాట అయిపోయేది.

ఆ మొదటి పాటే అసలు సంగతి. దాన్ని ఎత్తాల్సింది మా అమ్మ. ఆవిడ పేరు శాంతమ్మ. మా తెలుగు సంఘంలో అప్పటికి హార్మోనియం లేదు. ఒకరు పాట ఎత్తితే మిగతావాళ్లు అందుకోవాలి. మా అమ్మ గొంతు విన్న రోజునే అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆ పని ఆవిడకి అప్పగించారు. ఇంట్లో అమ్మ అందరికన్నా ఆఖరున తినేది, ఆఖరున స్నానం చేసేది, అందరూ పడుకున్నాక మిగిలిన జాగాలో నడుం వాల్చేది. అలాంటి మనిషి వారానికి ఒక్కసారి, ఒక్క పాటలో, అందరికన్నా ముందుండాలి. ఆ ఒక్క చోటుకీ చేరలేకపోతోంది. ఆవిడ రాకపోతే టైలరుగారి భార్య మార్తమ్మగారు ఎత్తేవారు. మంచి మనిషే గానీ, మొదటి చరణంలోనే రాగాన్ని ఇంటి కప్పు మీదికి ఎక్కించి వదిలేసేవారు. మగవాళ్లు మెడలు సాచి సాచి సగంలో ఊరుకునేవాళ్లు.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం అయ్యగారు మా ఇంటికొచ్చారు. ప్రసంగంలో గోడలు అదిరేలా మాట్లాడే ఆయన, ఇళ్లకి వస్తే మాత్రం గొంతు తగ్గించేవారు.

"శాంతమ్మా, నీ గొంతు దేవుడిచ్చింది. కాదనను. కానీ పాటెత్తాల్సిన మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుకుంటూ ఉంటే సంఘం ఎంతసేపని చూస్తుంది? కోతల పండుగ దాకా ఆగుతాను. ఆ రోజు కూడా మొదటి పాటకి నువ్వు లేకపోతే ఇక మార్తమ్మకే ఇచ్చేస్తాను. కోపం తెచ్చుకోకు."

"నాకు కోపమేటి అయ్యగారూ, మీకు రాకపోతే సాలు" అంది అమ్మ, తల దించుకుని.

"ఆ మార్తమ్మ పాటెత్తితే నా పళ్లు జివ్వుమంతాయి. ఆ సంగతి కూడా సూసుకోండి అయ్యగారూ" అంది వరండాలోంచి నాయనమ్మ.

"నీకు పళ్లెక్కడున్నాయే అమ్మా?" అన్నారు నాన్న.

"ఉన్న రెండూ జివ్వుమంతాయిరా!"

అయ్యగారు కూడా నవ్వి, ప్రార్థన చేసి వెళ్లిపోయారు. అమ్మ నవ్వలేదు. బిందె తీసుకుని కుళాయికి వెళ్లింది. బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా ఆవిడ అలాగే నిలబడి ఉండటం నేను గుమ్మంలోంచి చూశాను.

అమ్మ బాధ నాన్న చూడలేకపోయారు. రేకుల పనివాడికి వచ్చే ఆలోచనే ఆయనకీ వచ్చింది. పారేసిన రేకుముక్కలు అతికి, తామరకాడంత పొడుగున ఒక బూరా తయారుచేశారు. "భోం లేకే కదా ఈ తిప్పలు? ఆదివారం భోం నానే మోగిస్తాను సూడు" అన్నారు. మరుసటి ఆదివారం తెల్లవారుతూనే పెరట్లో నిలబడి, బుగ్గలు పొంగించి ఊదారు. ఎంత బాగా కుదిరిందంటే అచ్చం కార్ఖానా కూతే. మేమందరం ఒక్క ఉదుటున లేచాం. మా ఇల్లు ఎంత చురుగ్గా కదిలిందో! అమ్మ కుళాయికి పరిగెత్తింది, పొయ్యి రాజేసింది, అన్నం పడేసింది. నేనూ అప్పా తయారైపోయి జడలకి కూర్చున్నాం. అమ్మ క్యారియరు మూతపెట్టి బిగించి నాన్న చేతికిచ్చింది. ఊదిన మనిషి తానే అయినా, ఆయన కూడా ఖాకీ చొక్కా తొడుక్కుని సైకిలు మీద చెయ్యి వేశారు. అప్పుడు నాయనమ్మ చుట్ట నోట్లోంచి తీసి, మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఒలే, గుంటలిద్దరికీ బడి గౌన్లు తొడిగినారేటి? వాడికి క్యారియరేటి? గుడికెవరైనా అన్నం కట్టుకెల్తారేటి?"

ఎక్కడివాళ్లం అక్కడే నిలబడిపోయాం. అంతలో పక్క క్వార్టరు అప్పలస్వామి బాబాయి చెమటలు కక్కుకుంటూ సైకిలు దిగాడు. ఆయన చేతిలోనూ క్యారియరు ఉంది.

"దావీదన్నా, కార్ఖానా నువ్వు కొనేసినావేటి? గేటు కాడి దాకా తొక్కుకుంటూ పోనాను. దర్వాన్ నన్ను సూసి ఒకటే నవ్వు. 'అరే, ఆజ్ తో ఇత్‌వార్ హై' అని. ఆదివారం పూట డ్యూటీకొచ్చిన మొగోడు ఈ రైల్వేలో నానొక్కణ్ణే!"

"కాదు బాబాయ్, నీ ఎనకాతల ఇంకో ఇద్దరు పోనారు. ఇంకా తిరిగి రానేదు" అంది అప్ప.

లైనంతా విరగబడి నవ్వింది. గౌన్లు మార్చి, జడలు మార్చి, నాన్న ఖాకీ విప్పి మేం మందిరం చేరేసరికి ఆ రోజు పాటలే కాదు, ప్రసంగం కూడా సగం అయింది. తిరిగొచ్చాక నాన్న బూరా పట్టుకుని దిగాలుగా కూర్చున్నారు. "కార్ఖానా కూత ఊదితే కాళ్లు కార్ఖానాకే పోతాయి గానీ గుడికెలా పోతాయిరా నాయనా" అంది నాయనమ్మ. ఈసారి ఎగతాళిగా కాదు, జాలిగానే అంది.

దారి చూపించింది వాక్యమే. ఆ మాట నేను ఇన్నేళ్లుగా ఎన్నో కూడికల్లో సాక్ష్యంగా చెప్పాను, ఇక్కడా అదే చెబుతాను. మా ఇంట్లో దీపం పెట్టాక కుటుంబ ప్రార్థన ఉండేది. నాన్న బైబిలు వరసగా చదువుకుంటూ పోయేవారు. పుస్తకం ఒకసారి పూర్తయింది గనక ఆ వారంలో మళ్లీ మొదటికి వచ్చి, సృష్టి సంగతి చదువుతున్నారు. అది మాకందరికీ నోటికి వచ్చిన భాగం. తమ్ముడు అప్పటికే అమ్మ ఒళ్లో నిద్రపోయాడు. ఒక్కో రోజూ ముగిసే చోట వచ్చే మాట నాన్న రెండుసార్లు చదివారు. మూడోసారి రాగానే అమ్మ, "ఉండండి, ఆ ముక్క మల్లీ సదవండి" అంది.

"అస్తమయమును ఉదయమును కలుగగా మూడవ దినమాయెను" అని నాన్న చదివారు.

"సాయంత్రం ముందు సెప్పినాడేటి దేవుడు? పొద్దు ముందు కాదేటి?"

"కాదు. అన్ని రోజులకీ అలాగే ఉంది. సాయంత్రం ముందు, తరవాత ఉదయం."

అమ్మ దీపం ఒత్తి పైకి ఎగదోసింది. "అయితే మనం దేవుడి రోజుని సగం అయిపోనాక మొదలెడతన్నాం" అంది.

నాన్న వేలు ఆ వరస మీదే ఉండిపోయింది. ఆయన చిన్నప్పటి నుంచీ చదివిన వాక్యం అది. "ఆ మాటే నాను ఎప్పట్నించో సెప్తన్నాను, ఎవరింటారు" అంది నాయనమ్మ. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆదివారం శనివారం మధ్యాహ్నం భోం తర్వాత, పొద్దు వాలగానే మొదలయ్యేది. అమ్మ మొదట చేసిన పని వేరు చేయడం. సృష్టిలో దేవుడు కూడా మొదట వేరుచేశాడు కదా, వెలుగుని చీకటి నుంచి, నీళ్లని నీళ్ల నుంచి. అమ్మ ఇనప్పెట్టె బోర్లించి అందరి బట్టలూ నేల మీద పోసి, ఎవరివి వాళ్లకి వేరుచేసింది. ఒకే పెట్టెలో ఇన్నాళ్లూ కలిసిమెలిసి నలిగిపోయిన ఆ బట్టలు విడివిడిగా చూస్తే ఎంత తక్కువో! నాన్న గోడకి మేకులు కొట్టారు. ఎవరి మేకు వాళ్ల చేతికి అందే ఎత్తులో. తమ్ముడిది మోకాళ్లంత కింద, వాడు ఆ మేకుని రోజూ పలకరించేవాడు. ఆదివారం తొడుక్కునేవి ఇస్త్రీ అయి, శనివారం సాయంత్రానికే ఆ మేకులకి వేలాడాలి. రిబ్బను గౌనుతోపాటే ఉండాలి. నాన్న సాయంత్రమే గడ్డం గీసుకోవాలి. పొద్దున కుళాయి దగ్గర ఎవరితోనూ పోటీ పడక్కర్లేకుండా డ్రమ్ము అప్పుడే నింపాలి. తలంట్లు, జడలు సాయంత్రమే. అమ్మ మా జడలు ఎంత బిగించి అల్లేదంటే కనుబొమ్మలు పైకి లేచి, పడుకున్నా ఆశ్చర్యపోతున్నట్టే ఉండేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నానికి చేపల పులుసు శనివారమే కాచేది. మర్నాటికి దాని రుచి ఇంకా పెరిగేది గనక అందులో మాకెవరికీ అభ్యంతరం లేకపోయింది.

అన్నీ మొదటివారమే కుదిరాయని చెప్పను. మొదటి శనివారం అప్ప ఏడ్చింది, నాన్న మేకు కొడుతూ వేలు చితక్కొట్టుకున్నారు, పులుసు మాడింది. పండుగ ముందు ఆదివారం దాకా ఏదో ఒకటి తప్పి, మొదటి పాట మాకు అందనే లేదు. నాయనమ్మ తనకి మేకు వద్దంది. "నాను సచ్చేదాకా నా సుట్ట నా నడుంకాడే ఉంటాది, గోడకి నాను యేలాడదీయను" అంది. అమ్మ వాదించలేదు. "మీ ఇష్టం అత్తా, ఆ మేకు నా గరిటెకి వాడుకుంటాను" అంది. అంతే, సాయంత్రానికి ఆ మేకుకి నాయనమ్మ తెల్లచీర వేలాడుతోంది. ఆపైన దాన్ని ఎవరు ముట్టుకున్నా ఊరుకునేది కాదు. అన్ని పనులూ అయ్యాక అమ్మ మధ్యలో కూర్చుని మర్నాటి మొదటి పాట నెమ్మదిగా ఎత్తేది. మేం అందుకునేవాళ్లం. ఆ పాటతో మా రోజు మొదలైనట్టు. పక్కింట్లోంచి అప్పలస్వామి బాబాయి, "ఒదినా, ఈసారి భోం బాగుంది!" అని కేకేసేవాడు.

పొలాల్లేని ఊళ్లో కోతల పండుగేమిటని మీకు అనిపించవచ్చు. మాకది పెద్ద పండుగ. క్వార్టరు కప్పు మీద పాకిన గుమ్మడితీగ కాయా, పెరటి పొట్లకాయా, పెంచిన బాతూ, ఏది ఉంటే అది తెచ్చి దేవుడి ముందు పెట్టేవాళ్లం. ఆ పొద్దున మా ఇంట్లో ఎవరినీ ఎవరూ లేపలేదు. ఎవరి మేకు దగ్గరికి వాళ్లు వెళ్లాం. నాకు బాగా గుర్తున్నది ఆ నిశ్శబ్దం. అరుపు లేదు, వెతుకులాట లేదు. అమ్మ జుట్టు పొడిగా, నున్నగా దువ్వి ఉంది. ఆదివారం నాడు ఆవిణ్ణి అలా చూడటం నాకదే మొదలు. బయల్దేరి ఖరిదా గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. గూడ్సు బండి ఒకటి బొగ్గు నింపుకుని, దాటకుండా, పట్టాల మీద అడ్డంగా నిలబడిపోయింది. అప్ప మొహం పాలిపోయింది. పూర్వమైతే అక్కడే మా పండుగ అయిపోయేది. నాన్న గుమ్మడికాయ భుజం మార్చుకుని, "నిలబడనీ. ఎంత పెద్ద బండైనా నిలబడనీ. మనకి బోలెడంత టైముంది" అన్నారు. ఆ మాట ఆయన నోట ఆదివారం నాడు వస్తుందని మేం ఎవరమూ అనుకోలేదు. టైము మా దగ్గర మిగిలి ఉంది! అమ్మ గేటు పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, లోలోపల పాట చూసుకుంటోంది.

బండి కదిలింది, గేటు లేచింది, మేం వెళ్లేసరికి మందిరం తలుపులకి ఇంకా తాళం ఉంది. మెట్ల మీద కూర్చున్నాం. కాపలా తాత తాళంచెవితో వచ్చి మమ్మల్ని చూసి, తనకే ఆలస్యమైందనుకుని కంగారుపడ్డాడు. జనం వచ్చారు, కాయలూ కూరలూ ముందు పేర్చారు, ఎక్కడో ఒక బాతు అరిచింది. అయ్యగారు లేచి తల ఎత్తకుండానే, "మొదటి పాట" అన్నారు. అలవాటుగా మార్తమ్మగారి వైపు చెయ్యి చూపించబోయారు. అప్పటికే మా అమ్మ నిలబడింది.

ఆ గొంతు గురించి నేను రాయలేను. ఎత్తుకున్న చోటు ఎంత సరిగ్గా ఉందంటే, ముసలివాళ్లకీ పిల్లలకీ ఎవరి గొంతుకీ శ్రమ లేదు. చరణం చరణానికీ పాట నిండుతూ వచ్చింది. ఎప్పుడూ నోరు మెదపని మగవాళ్లు వెనక వరసల్లోంచి అందుకున్నారు. మార్తమ్మగారైతే మోయలేని బరువు దించుకున్న మనిషిలా, కళ్లనీళ్లు తుడుచుకుంటూ అందరికన్నా గట్టిగా పాడారు. ఆ రోజు మందిరం నుంచి లేచిన స్తోత్రం నిమ్‌పురా యార్డు దాకా వినిపించిందని నాన్న బతికున్నంతకాలం చెప్పేవారు. నాకు ఇప్పటికీ నమ్మకమే.

ఆ తర్వాత నేను నర్సునై ఆస్పత్రి వార్డులు నడిపాను, పెళ్లై విజయనగరం వచ్చి ఇల్లు నడిపాను. ఎక్కడున్నా నా రోజు సాయంత్రమే మొదలైంది. రేపటికి కావలసింది పొద్దువాలే వేళ చేతికి అందేలా పెట్టుకుని ప్రార్థన చేసుకుంటే, ఉదయం దేవుడు తెచ్చి ఇచ్చే బహుమానంలా వస్తుంది, దాని వెంట పడి పట్టుకోనక్కర్లేదు. ఇప్పటివాళ్లు నాకన్నా కష్టపడుతున్నారు, తెలివైనవాళ్లు, వాళ్లని తప్పుపట్టను. కానీ మోగేవన్నీ ఉద్యోగానికే మోగుతున్నాయి. మోగని రోజుకి మనిషి తనంతట తాను సిద్ధపడాలి. ఆ సిద్ధపాటు మా అమ్మకి ఎవరూ నేర్పలేదు. చదువు అంతంతమాత్రం, మనిషికి కాళ్లు చాపుకునే చోటు లేని ఇల్లు. ఆ ఇంట్లోంచే ఆవిడ గెలిచింది.

కోతల పండుగ ఆరాధన అయ్యాక అయ్యగారు గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపారు. మా ఇస్త్రీ బట్టలు చూశారు, బిగించిన జడలు చూశారు, బొగ్గు మరక లేని తమ్ముణ్ణి చూశారు.

"శాంతమ్మా, నిజం చెప్పు. ఇవాళ ఏ జామున లేచారు మీరందరూ?"

"ఎప్పుడూ లేసే ఏలకే లేసినాం అయ్యగారూ" అంది అమ్మ, తల దించుకోకుండా. "ఇయ్యాల్టి రోజుని నిన్న సాయంత్రమే మొదలెట్టినాం."